నల్లూరు చింతతోపును కాపాడుకుందాం

సంపాదకులకు,

నాది హిందూపురం వైపు పల్లె. ఇప్పుడు యలహంకలో కూతురి దగ్గర ఉంటున్నాను. పోయిన ఆదివారం మనవణ్ణి తీసుకుని దేవనహళ్లి దగ్గరి నల్లూరు చింతతోపుకి వెళ్లాను. సుమారు 54 ఎకరాల తోపు అది. 2007లో దేశంలోనే మొట్టమొదటి జీవవైవిధ్య వారసత్వ ప్రదేశంగా ప్రకటించారు. బెంగళూరులో ఏళ్లుగా ఉంటున్న మనవాళ్లలో చాలామందికి ఈ సంగతే తెలియదు.

కొన్ని చెట్లు వందల ఏళ్లవని చెబుతారు. ఒక మానైతే లోపలంతా డొల్ల. మా మనవడు దూరి నిలబడ్డాడు, ఇంకా చోటు మిగిలింది. పైన మాత్రం లేత చిగురు! చిన్నప్పుడు మా అమ్మ కొంగులో కోసుకొచ్చిన చిగురే గుర్తొచ్చి కళ్లు చెమర్చాయి. ఇంకో చెట్టు కొమ్మ నేలకి వాలి, అక్కడే వేళ్లు దించి మళ్లీ పైకి లేచింది. చిలుకలు, ఉడుతలు సరేసరి. ఒక తొర్రలోంచి చిన్న గుడ్లగూబ మమ్మల్నే చూస్తూ ఉండిపోయింది. మధ్యలో శిథిలమైన పాత గుడి ఉంది.

కడుపు తరుక్కుపోయిందెక్కడంటే, ఆ డొల్ల మాను లోపల బూడిద, సీసా పెంకులు. బెరడు మీద కత్తితో చెక్కిన పేర్లు. ఎండిన మానులో నిప్పు రాజేస్తే చెట్టు మిగులుతుందా?

కాపలా పెంచాలి. కన్నడతో పాటు తెలుగులోనూ బోర్డు పెట్టాలి. వెళ్లేవాళ్లు పొద్దున్నే వెళ్లండి, బూట్లు వేసుకోండి, తెచ్చుకున్న ప్లాస్టిక్ మళ్లీ ఇంటికే పట్టుకెళ్లండి.

– ఒక రిటైర్డ్ టీచరమ్మ, యలహంక, బెంగళూరు