బాబుకు చోడి జావ

పార్వతీపురం,
ఆదివారం.

చి. ల. సౌ. సుజాతకు నాన్న ఆశీర్వదించి వ్రాయునది. ఇక్కడ మేమందరం క్షేమం. మీ అమ్మ మోకాలి నొప్పి కొంత నెమ్మదించింది. పెరట్లో మునగ పూతకు వచ్చింది. బొబ్బిలిలో సత్యం పెళ్ళి ఏ లోటూ లేకుండా జరిగింది. పందిట్లో మీ రాజేశ్వరి అత్తయ్య నా పక్కన కూర్చుని, బాబు జావ గిన్నె చూస్తేనే మొహం తిప్పేస్తున్నాడనీ, నువ్వు విసిగిపోయి జావను నీళ్ళలా కాచి పాలసీసాలో పోసి పడుతున్నావనీ, పిల్లవాడు కాస్త తగ్గినట్లున్నాడనీ చెప్పింది. ఆమె మాటలు నేను మనసులో పెట్టుకోలేదు. అయితే ఈ మధ్య నీ దగ్గర నుంచి ఫోటోలే తప్ప ఫోను లేదు గనుక, జావ విషయమై నాకు తెలిసిన నాలుగు మాటలు వ్రాసి ఉంచితే మంచిదనిపించింది.

శ్రీను చేత పంపిన సంచి అందిందనుకుంటాను. అవి గుమ్మలక్ష్మీపురం వైపు కొండ పొలాల్లో పండిన చోళ్ళు, అంటే రాగులు. దుకాణంలో రాగుల పిండి దొరకదని కాదు, కాని పసివాడికి పెట్టేది మొలకెత్తించిన గింజతో ఇంట్లో చేసినదే అయి ఉండాలని నా పట్టుదల. ముందు చేటలో పోసి మట్టిబెడ్డలు ఏరాలి. తేటనీళ్ళు వచ్చేదాకా కడిగి, రాత్రంతా నానబెట్టి, పొద్దున్నే నీరంతా వార్చి, ఉతికిన నూలుగుడ్డలో వదులుగా మూట కట్టి గాలి తగిలే చోట ఉంచాలి. ఆరినట్లు కనిపిస్తే నీళ్ళు చిలకరించాలి. ఒకటి రెండు రోజుల్లో గింజ గింజకూ తెల్లటి మొలక కనిపిస్తుంది. అది మరీ పొడుగు కానివ్వకుండా గుడ్డ మీద పలచగా పరిచి పూర్తిగా ఎండనిచ్చి, సన్నని సెగ మీద కమ్మని వాసన వచ్చేదాకా వేయించి, చల్లారాక అరచేతులతో నలిపి మొలకలు రాల్చి చెరగాలి. పిండిమరకు పట్టుకుపోయేటప్పుడు అల్లుడుగారిని వెంట పంపించు. అంతకుముందు మిరపకాయలు పట్టారేమో అడిగి, బియ్యం పట్టిన తరువాత మాత్రమే మన చోళ్ళు మరలో పోయించాలి. మొదట రాలిన గుప్పెడు పిండి విడిగా తీసేయాలి. ఇంటికి తెచ్చాక పలుచని గుడ్డలో జల్లిస్తే పొట్టు పైన నిలిచిపోతుంది.

మొలక ఎందుకని మీ అత్తగారు అడిగితే ఇలా చెప్పు. గింజ మొలకెత్తేటప్పుడు తనలోని పిండి పదార్థాన్ని కరిగించే ఎంజైములు పుడతాయి. అందువల్ల ఆ పిండితో కాచిన జావ బిగుసుకోకుండా జారుగా ఉంటుంది. అంటే, అదే చిన్న గిన్నెలో ఎక్కువ పిండి పడుతుంది, పిల్లవాడి చిన్న పొట్టకు ఎక్కువ బలం అందుతుంది. నీళ్ళు ఎక్కువ పోసి పలుచన చేయడం వేరు, ఇది వేరు. నీళ్ళ జావతో కడుపు నిండుతుంది గాని ఒంటికి పట్టదు. రాజేశ్వరి అన్నది నిజమే అయితే, పిల్లవాడు తగ్గడానికి కారణం ఆ సీసాయేనేమో ఒకసారి ఆలోచించు. సీసా పీకలో అంటుకున్న జావ ఎంత కడిగినా పూర్తిగా పోదు, దానితో విరేచనాలు పట్టుకుంటాయి. పైగా చెంచాతో తినడం పిల్లవాడికి అలవడదు.

మీ అన్నయ్యకు ఎనిమిదో నెల నడుస్తున్నప్పుడు ఇదే తంతు జరిగింది. ఆ ఏడాది శ్రావణంలో వానలు విడవలేదు. మామ్మ చోళ్ళ మూట కట్టి పొయ్యింటి గోడకు వేలాడదీసింది. మొలకలు వచ్చాయి గాని ఎండ రాలేదు. తడి మూట విప్పి, గుప్పెడు గింజలు ముక్కు దగ్గర పెట్టుకుని, వేళ్ళ మధ్య రాసి చూసింది. కొంచెం జిగురు, కొంచెం పులిసిన వాసన. బాగా కడిగి వేయిస్తే సరిపోతుందని పక్కింటి సుబ్బాయమ్మ అంది, మీ అమ్మకూ అంతే అనిపించింది. మామ్మ ఎవరికీ జవాబు చెప్పకుండా, రెండు కుంచాల గింజలూ బుట్టకెత్తి ఎరువు గోతిలో పోసి వచ్చి చేతులు కడుక్కుంది. బూజు పట్టిన గింజలోని విషం వేయించినా పూర్తిగా పోదని ఇప్పుడు శాస్త్రవేత్తలు చెబుతారు. ఆవిడకు ముక్కే చెప్పింది. ఆ పూట నుంచి పాతబియ్యం, పెసరపప్పు దోరగా వేయించి తిరగలిలో విసిరి ఉగ్గు కాచింది. దాన్నీ మీ అన్నయ్య నాలుకతో బయటికి తోసేశాడు. వాడికి నచ్చలేదని మీ అమ్మ కళ్ళనీళ్ళు పెట్టుకుంటే, ఇన్నాళ్ళూ పాలు చప్పరించిన నాలుక గట్టి పదార్థాన్ని ముందుకే తోస్తుందనీ, అది నచ్చకపోవడం కాదనీ మామ్మ చెప్పింది. వాడిని నిటారుగా ఒళ్ళో కూర్చోబెట్టుకుని, పెరట్లో కోళ్ళను చూపిస్తూ, వెండి ఉగ్గుగిన్నె పక్కన తన అంబలి గిన్నె పెట్టుకుని తానూ తాగుతూ, వాడికి పూటకు రెండు చెంచాలే పెట్టేది. తల తిప్పితే ఆపేసేది. ముక్కు మూసి పోయనిచ్చేది కాదు. కొన్నాళ్ళకు వాడే ఆవిడ చేతిలో చెంచా గుంజుకున్నాడు. వానలు వెలిశాక మళ్ళీ చోళ్ళు మొలకెత్తించారు, అదీ తిన్నాడు.

అందుచేత ఓపిక పట్టు. రెండు చెంచాల పిండిని ముందు చన్నీళ్ళలో ఉండలు లేకుండా కలిపి, సన్నని సెగ మీద గరిటె ఆపకుండా తిప్పుతూ, పచ్చి వాసన పోయి మెరుపు వచ్చేదాకా ఉడికించు. చెంచా వంచితే నీళ్ళలా జారిపోకుండా నిలవాలి. దించాక నాలుగు చుక్కలు నెయ్యి చాలు. ఏడాది నిండేదాకా ఉప్పు, పంచదార, బెల్లం వద్దు. తేనె అసలే వద్దు, నాలుకకు రాయడం కూడా వద్దు. అందులో ఉండగల సూక్ష్మజీవి బీజాలు పసివాళ్ళ పేగుల్లో ప్రమాదకరమైన విషం పుట్టిస్తాయి. జీడిపప్పు, బాదం, నాలుగు రకాల చిరుధాన్యాలు మొదటిరోజే కలిపేయవద్దు. కొత్తది ఏదైనా మూడు రోజులు చూసి మరొకటి మొదలుపెట్టు.

హైదరాబాదు తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ పట్టికల ప్రకారం వంద గ్రాముల రాగుల్లో 300 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంది. బియ్యంలో అది పది మిల్లీగ్రాములకు అటూ ఇటూ. అలాగని రోజంతా జావే పెట్టమని కాదు. ఆరో నెల దాటాక తల్లిపాలలోని ఇనుము బిడ్డకు చాలదు, చోళ్ళూ ఆ లోటు పూర్తిగా తీర్చలేవు. ఒక పూట జావ, ఒక పూట మెత్తగా మెదిపిన పప్పన్నం, ఆకుకూర, ఉడికిన గుడ్డు సొన అలవాటు చేయి. జావ తిన్నాక కాస్త బత్తాయి రసం చెంచాతో పడితే జావలోని ఇనుము బాగా ఒంటికి పడుతుంది. నీ పాలు మాత్రం మానకు, రెండేళ్ళదాకా ఇవ్వమనే ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. వాటికోసం నువ్వూ వేళకు తిను. నువ్వు ఫోటోల్లో చిక్కినట్లు కనిపిస్తున్నావని మీ అమ్మ రోజూ అంటోంది.

ఇంత వ్రాసినది రాజేశ్వరి మాటలు నమ్మి కాదు. అయినా తొమ్మిదో నెల టీకా వచ్చేదాకా ఆగకుండా, ఈ వారమే ఆసుపత్రికి తీసుకువెళ్ళి బాబును తూయించి, పుట్టినప్పటి కార్డు పటంలో బరువు గీత పైకి వెళుతోందో లేదో డాక్టరుగారిని అడుగు. గీత ఆగినా, పిల్లవాడు నీరసంగా ఉన్నా, పాలు మానినా నా ఉత్తరం పక్కన పెట్టి ఆయన చెప్పినట్లు చేయి. బరువు ఎంతో, సీసా మానిపించావో లేదో నాకు ఫోనులో చెప్పు. నేను రాత్రి పదింటిదాకా మేలుకునే ఉంటాను. శనివారం శ్రీను మళ్ళీ అటు వస్తున్నాడు. వాడి చేత జల్లెడ గుడ్డ, ఆవునెయ్యి, మామ్మ ఉగ్గుగిన్నె పంపుతున్నాను. గిన్నెను చింతపండుతో తోమి, వేడినీళ్ళలో మరిగించి వాడు.

అల్లుడుగారికి, బాబుకు మా ఆశీస్సులు.

ఇట్లు,
నాన్న