చర్చి లోపలి కొత్త ఫర్నిచర్: జమా ఖర్చుల వివరణ

సంఘస్తులందరికీ వందనాలు. మన పాత చర్చిలోకి కొత్తగా చేయించిన ప్రభు భోజన బల్ల, వాక్యపీఠం, కుర్చీలు, దీపాల లెక్క ఇది. సులువుగా అర్థమవ్వాలని మొత్తం జమను 100 రూపాయలనుకుని చెబుతున్నాం. అసలు అంకెలు, రసీదులు, వోచర్లు కోశాధికారి దగ్గరున్నాయి, ఎవరైనా చూడొచ్చు.

జమ: సభ్యుల చందాలు 82, ఆరాధనల్లో వచ్చిన ప్రత్యేక కానుకలు 15, బ్యాంకు వడ్డీ 3.

ఖర్చుల్లో పెద్దది బల్ల, వాక్యపీఠం: 34. "అంత పెట్టీ ఒక్క చెక్కడమైనా లేదేంటి?" అని చాలామంది అడిగారు. వెనక గోడకున్న పాత బలిపీఠం నిండా చెక్కడాలే. దానికి నకలు చేయిస్తే ఏది పాతదో ఏది కొత్తదో రేపటివాళ్లు పోల్చుకోలేరు. పాత కట్టడంలో తప్పనిసరై చేర్చేది ఈ కాలపు పనిగానే కనబడాలని పాత కట్టడాల సంరక్షణకు రాసుకున్న అంతర్జాతీయ నియమావళి, 1964 నాటి వెనిస్ చార్టర్, దాని 9వ అధికరణం కూడా అంటోంది. పైగా డబ్బంతా కంటికి కనబడని చోట పోయింది. నేల రాళ్లలోకి ఒక్క బోల్టు కూడా దించలేదు. బల్ల తన బరువుతోనే నిలబడుతుంది, కాళ్ల కింద ఫెల్ట్ ఉంది. తేమకు చెక్క ఉబ్బుతుంది, ఎండితే కుంచించుకుంటుంది. అందుకే పైచెక్క పగలకుండా స్క్రూలకు పొడవాటి రంధ్రాలు పెట్టించాం.

ముందుగా ప్లైవుడ్డుతో చేయించి చూసిన బల్ల నమూనాకు 3. ప్లైవుడ్డు మీద డబ్బు తగలేశారన్న మాట మా చెవినా పడింది. అసలు సైజులో నమూనా పెట్టి చూశాకే తెలిసింది: బల్లారాధనకు వచ్చేవాళ్లూ తిరిగి వెళ్లేవాళ్లూ ఒకరికొకరు తగులుతున్నారు, వీల్‌చైర్ తిరగడం లేదు. దాంతో బల్ల వెడల్పు తగ్గించాం. మమ్మల్నడిగితే అన్నిటికన్నా సద్వినియోగమైన సొమ్ము అదే.

కుర్చీలకు 29. మెత్తలు వేయించలేదు, అవి శబ్దాన్ని పీల్చేస్తాయి, ఎత్తు కప్పు కింద పాటకొచ్చే నిండుదనం పోతుందని క్వయర్ వాళ్లు గట్టిగా పట్టుబట్టారు. పాత బెంచీలు అమ్మలేదు, పక్క వరసల్లోనే ఉన్నాయి. దీపాలకు 14, ఆర్కిటెక్ట్ ఫీజు 12, రవాణా, కూలీ 2.

పెద్ద మొత్తాలిచ్చిన కొందరు బల్ల మీద పేరు చెక్కించమన్నారు. కమిటీ ఒప్పుకోలేదు. దాతలందరి పేర్లూ, చిన్నా పెద్దా తేడా లేకుండా, రిజిస్టర్లో రాశాం.

మొత్తం ఖర్చు 94, మిగులు 6. ఏటా చెక్కకు నూనె పట్టించేందుకు దాన్ని అదే ఖాతాలో ఉంచాం. ఆడిట్ అయిపోయింది. అభ్యంతరాలుంటే కార్యదర్శికి రాతపూర్వకంగా ఇవ్వండి.