మన పేపర్ మారింది, చూశారా?

అందరికీ నమస్కారం. మన అనంతపురం పేపర్ సోమవారం నుంచి కొత్త రూపంలో వస్తోంది. అక్షరం పెద్దదైంది. మా నాన్న అద్దాలు వెతుక్కోకుండా చదివారు, అది చూసి ప్రాణం లేచొచ్చింది.

2022 ఏప్రిల్‌లో శ్రీ సత్యసాయి జిల్లా విడిపోయాక ధర్మవరం, కదిరి వార్తలు మనకు వచ్చే పేపర్లో తగ్గాయి కదా. ఇప్పుడు ఫోన్‌లో ఈ-పేపర్ తెరిస్తే రెండు జిల్లాల పేజీలూ ఉన్నాయి. అక్కడ చుట్టాలున్నవాళ్లు తప్పక చూడండి.

ఒక్కటే బాధ. మార్కెట్ యార్డు చీనీ (బత్తాయి) ధరలు అచ్చులో తీసేసి యాప్‌లో మాత్రమే పెట్టారు. తోటలో ఉండే పెద్దాయనకు యాప్ ఎక్కడిది? టన్నుకు వెయ్యి తేడా వచ్చినా రైతుకు పెద్ద దెబ్బే. ఆ ధరలు మళ్లీ వేయమని అడుగుతూ ఉత్తరం రాశాను, సంతకాలు కావాలి. ఆదివారం పొద్దున క్లాక్ టవర్ దగ్గరికి రండి.

ఇంకో మాట, పేపర్ పీడీఎఫ్‌లు గ్రూపులో పెట్టొద్దు. దాని మీద బతికే విలేకరులు, ఏజెంట్లు మన ఊరివాళ్లే.