ఆ ఫొటో కింద రాసింది నిజం కాదు

సంపాదకుల వారికి,

మూడు వారాల కిందట మీ ఆదివారం సంచికలో యుద్ధకాలపు ప్రచార చిత్రాల మీద రెండు పేజీల వ్యాసం వేశారు. తెలిసినవాళ్లు ఎవరో ఒకరు తప్పులు చెబుతూ ఉత్తరం రాస్తారని మూడు ఆదివారాలూ ఎదురు చూశాను. ఎవరూ రాయలేదు. నేను 38 ఏళ్లు సినిమా హాలు కేబిన్‌లో ఆపరేటర్‌గా పనిచేసినవాణ్ని. రీలు ఎలా తిరుగుతుందో, దాని ముందు కూర్చున్న జనం ఎలా మారిపోతారో కిటికీలోంచి చూసినవాణ్ని. అందుకే రాస్తున్నాను.

ముందు ఫొటో సంగతి. వ్యాసానికి పైన సగం పేజీ ఫొటో వేసి, కింద "మొదటి ప్రపంచ యుద్ధంలో కందకం దాటుతున్న సైనికులు, నిజ దృశ్యం" అని రాశారు. అది 1916 ఆగస్టులో లండన్‌లో విడుదలైన 'బ్యాటిల్ ఆఫ్ ద సోమ్' సినిమాలోది. ఆ సినిమాలో చాలా భాగం నిజంగా యుద్ధరంగంలో తీసిందే. కానీ సైనికులు కందకంలోంచి పైకి ఎక్కడం, ఇద్దరు ముగ్గురు కూలిపోవడం ఉన్న ఆ కాస్త ముక్క మాత్రం వెనక శిక్షణ ఇచ్చే చోట నటింపజేసి తీశారు. ఈ మాట లండన్ ఇంపీరియల్ వార్ మ్యూజియం వాళ్లే ఏళ్ల తరబడి చెబుతున్నారు. ఆరు వారాల్లో 2 కోట్ల టిక్కెట్లు తెగిన సినిమా అది. కొడుకుల్ని యుద్ధానికి పంపిన తల్లులు తమవాడి ముఖం కనబడుతుందేమోనని వెళ్లి చూశారు. అంత నమ్మి చూసినవాళ్లకు ఏది నిజం, ఏది నటన అని ఆనాడు ఎవరూ చెప్పలేదు. నూరేళ్లు దాటాక మీరూ చెప్పలేదు. ప్రచార చిత్రాలు మోసం చేస్తాయని చెప్పే వ్యాసానికే ఆ మోసపు బొమ్మను నిజమని వేస్తే, దాన్ని దాచుకుని చదివే పిల్లలకి ఏం నేర్పినట్టు?

రెండోది. వ్యాసం మొదటినుంచి చివరిదాకా హిట్లర్ ప్రచార మంత్రి గోబెల్స్ తప్ప మరొకడు ఈ పని చేయనట్టే రాశారు. పైగా ముఖ్య ఉదాహరణగా తీసుకున్న 'ట్రయంఫ్ ఆఫ్ ద విల్' అసలు యుద్ధకాలపు సినిమాయే కాదు. 1934లో న్యూరెంబర్గ్‌లో జరిగిన నాజీ సభల మీద లెనీ రీఫెన్‌స్టాల్ తీస్తే 1935లో విడుదలైంది. రెండో ప్రపంచ యుద్ధం మొదలైంది 1939లో. యుద్ధకాలపు సినిమా కావాలంటే 'కోల్‌బెర్గ్' గురించి రాయాల్సింది. నాజీలు ఓడిపోతున్న దశలో, ముందు వరుసలో అక్కరకు వచ్చే సైనికుల్ని వేలమందిని తెచ్చి వేషాలు వేయించి తీసిన సినిమా. 1945 జనవరి 30న విడుదల చేశారు. మూడు నెలల్లో ఆ ప్రభుత్వమే లేదు. బొమ్మతో జనాన్ని నిలబెట్టొచ్చనే నమ్మకం పిచ్చిగా మారితే ఎక్కడిదాకా వెళుతుందో దానికన్నా బాగా చెప్పే ఉదాహరణ నాకు తెలియదు. మీ వ్యాసంలో దాని పేరే లేదు.

అమెరికావాళ్లు ఏం చేశారో కూడా రాయలేదు. హాలీవుడ్ దర్శకుడు ఫ్రాంక్ కాప్రా చేత 1942 నుంచి 1945 దాకా 'వై వుయ్ ఫైట్' అని ఏడు సినిమాలు తీయించారు. రీఫెన్‌స్టాల్ తీసిన రీళ్లలోంచే ముక్కలు కోసి తన సినిమాల్లో అతికించాడు కాప్రా. బొమ్మ అదే, వెనక గొంతు మారింది. హిట్లర్ గొప్పవాడని చూపించడానికి తీసిన షాటు, హిట్లర్ ఎంత ప్రమాదమో చూపించడానికి పనికొచ్చింది. కేబిన్‌లో పనిచేసినవాడికి ఇది బాగా అర్థమవుతుంది. సౌండ్ తగ్గించి చూస్తే చాలా రీళ్లు ఏ పక్షానివో చెప్పలేం.

ఇంతకన్నా నన్ను బాధపెట్టింది, తెలుగు పత్రికలో వచ్చిన వ్యాసంలో మన సంగతి ఒక్క వాక్యం కూడా లేకపోవడం. బ్రిటిష్ ప్రభుత్వం యుద్ధ ప్రచార సినిమాల కోసం 1940లో ఫిల్మ్ అడ్వయిజరీ బోర్డు పెట్టింది. 1943లో చిన్న సినిమాలు తీసే ఇన్ఫర్మేషన్ ఫిల్మ్స్ ఆఫ్ ఇండియా, వార్తల రీళ్లు తీసే ఇండియన్ న్యూస్ పెరేడ్ వచ్చాయి. యుద్ధానికి తోడ్పడమని చెప్పే ఆ చిన్న సినిమాలకు ఇంగ్లీషు, హిందుస్తానీ, బెంగాలీ, తమిళంతో పాటు తెలుగులోనూ మాట పెట్టారు. అదే ఏడాది ప్రతి హాలూ ప్రతి ఆటకీ ప్రభుత్వం చెప్పిన సినిమా 2,000 అడుగుల దాకా వేసి తీరాలని భారత రక్షణ నిబంధనల కింద ఆర్డరు వేశారు. 2,000 అడుగులంటే దాదాపు 22 నిమిషాలు. దానికి అద్దె కూడా హాలువాళ్లే కట్టాలి. అటు ముడి ఫిల్ము కొరతని మామూలు సినిమాలకు 11,000 అడుగుల పరిమితి పెట్టారు. కాంగ్రెస్ నాయకులు జైళ్లలో ఉన్నారు. బెంగాల్లో లక్షల మంది ఆకలితో చనిపోతున్నారు. ఆ రోజుల్లో ఇక్కడి హాళ్లలో తెలుగు గొంతుతో ఆ రీళ్లు ఆడాయి.

నాకు పని నేర్పిన గురువుగారు ఆ యుద్ధం రోజుల్లో కేబిన్ కుర్రాడు. ఆ రీలు మొదలవగానే నేల క్లాసు జనం బీడీలకు బయటికి పోయేవారని, అసలు సినిమా పడ్డాకే లోపలికి వచ్చేవారని చెప్పేవారు. అందులో ఆశ్చర్యం లేదు. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖపట్నం మీదా, మా కాకినాడ మీదా బాంబులు వేశాయి. సామాన్లు బండ్ల మీద కట్టుకుని పల్లెలకు పోయిన జనం వాళ్లు. యుద్ధమంటే ఏమిటో తెర మీద చూసి తెలుసుకోవాల్సిన అవసరం వాళ్లకి లేదు. 1946లో కేంద్ర శాసనసభ నిధులకు ఒప్పుకోక ఆ ఇన్ఫర్మేషన్ ఫిల్మ్స్ సంస్థ మూతపడింది. దాంతో 1947 ఆగస్టు 15న మన సొంత పండగని కెమెరాలో తీసుకోవడానికి ప్రభుత్వానికి సొంత సినిమా యూనిట్ లేకుండా పోయింది. 1948లో ప్రభుత్వ సినిమా సంస్థ ఫిల్మ్స్ డివిజన్ పెట్టి మళ్లీ అదే నిర్బంధ ప్రదర్శన పద్ధతి తెచ్చారు. తనిఖీకి ఏ అధికారి వచ్చినా ముందు అడిగేది న్యూస్ రీలు వేశారా అనే.

ఇలా రాస్తున్నానని యుద్ధంలో ప్రభుత్వం జనంతో మాట్లాడకూడదని నా ఉద్దేశం కాదు. మాట్లాడాలి. 1971 డిసెంబరులో ఇక్కడ రాత్రిళ్లు దీపాలు ఆర్పుకుని కూర్చున్నాం. పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ విశాఖ దగ్గర మునిగిన రోజులవి. ఢాకాలో పాకిస్తాన్ జనరల్ నియాజీ లొంగుబాటు పత్రం మీద సంతకం పెట్టిన న్యూస్ రీలు మా హాలుకి చేరేసరికి సంక్రాంతి దాటింది. అది పడగానే హాలంతా లేచి నిలబడింది. అయిపోగానే మళ్లీ వేయమని ఒకటే గోల. గురువుగారు రివైండ్ చేసి మళ్లీ వేశారు. నాకప్పుడు పద్దెనిమిదేళ్లు. ప్రొజెక్టర్ పక్కన నిలబడి ఏడ్చాను. దానిలో నటన లేదు, సంగీతం గొప్పగా లేదు, బొమ్మ కూడా సరిగా లేదు. జరిగింది జరిగినట్టు ఉంది, అంతే.

ఇప్పుడు జరుగుతున్నది చూడండి. 2025 మేలో పాకిస్తాన్‌తో ఘర్షణ జరిగిన నాలుగు రోజులూ మా ఇంట్లో టీవీ ఆపలేదు. వీడియో గేములోని బొమ్మలూ, ఎక్కడెక్కడివో పాత వీడియోలూ యుద్ధ దృశ్యాలుగా తిరిగితే, అవి నిజం కావని ప్రభుత్వ సమాచార సంస్థ పీఐబీలోని ఫ్యాక్ట్ చెక్ విభాగం చెప్పాల్సి వచ్చింది. చానళ్లు వార్తల వెనక సైరన్లు మోగించాయి. అసలు సైరన్ మోగినప్పుడు జనం పట్టించుకోరని, ఆపమని కేంద్రం కోరింది. ఆ సైరన్ విని మా వీధిలో ఒక పెద్దావిడ మందులు, బియ్యం సర్దుకుని మెట్ల కింద కూర్చుంది. ఆమెకు జరిగినదానికి ఏ చానలైనా ఒక్క మాట క్షమాపణ చెప్పిందా? 1916లో కందకం సీను నటింపజేసినవాళ్లు కనీసం సైనికులకు యూనిఫారం వేసి, కెమెరా మోసుకెళ్లి తీశారు. ఇప్పుడు ఆ కష్టమూ లేదు. చేతికి ఏది దొరికితే అది వేసేస్తున్నారు. న్యూస్ రీలుకి సెన్సార్ సర్టిఫికెట్ ఉండేది, ఎవరు తీశారో తెర మీద పేరు పడేది. ఇవాళ ఏ బొమ్మ ఎవరిదో అడిగితే చెప్పేవాడు లేడు.

ఇంకో మాట. యుద్ధకాలంలో తెలుగులో వచ్చిన ఆ చిన్న సినిమాల జాబితా కావాలని ఒక ఆఫీసుకి రెండుసార్లు అర్జీ పెట్టుకున్నాను. మొదటిదానికి జవాబు లేదు. రెండోదానికి మరో ఆఫీసుకి వెళ్లమన్నారు. అక్కడ ఉన్న కుర్ర అధికారి "ఆ పాతవాటితో ఇప్పుడేం పని తాతా" అన్నాడు. అవి నైట్రేటు ఫిల్ములు. ఎండకీ తేమకీ పాడవుతాయి, నిప్పంటుకుంటే ఆగవు. 2003లో పుణెలో అలాంటి పాత ఫిల్ములు ఎన్నో కాలిపోయాయి. ఫిల్మ్స్ డివిజన్‌ని 2022లో జాతీయ చలనచిత్ర అభివృద్ధి సంస్థ (ఎన్‌ఎఫ్‌డీసీ)లో కలిపేశారు. మన భాషలో మన తాతల్ని యుద్ధానికి పిలిచిన గొంతు ఎలా ఉండేదో వినే హక్కు మనకి లేదా? తెలుగు రాష్ట్రాల రెండు ప్రభుత్వాలూ ఢిల్లీకి రాసి, మిగిలిన ప్రతి రీలునూ డిజిటల్ చేయించి, జిల్లా గ్రంథాలయాల్లో చూపించాలి. పాఠశాల పిల్లలకి చూపించేటప్పుడు ఏది జరిగింది, ఏది నటింపజేసింది పక్కన టీచరు చెప్పాలి.

మీ నుంచి నేను కోరేది చిన్న పని. ఆ ఫొటో మళ్లీ వేసి, కింద అది శిక్షణ స్థలంలో నటింపజేసి తీసిన దృశ్యమని రాయండి. లోపలి పేజీలో ఎక్కడో ఒక మూల వేసే సవరణగా కాదు. ఆదివారం సంచికలో, అదే పేజీలో, అంతే సైజులో.

ఇట్లు,
విశ్రాంత సినిమా ఆపరేటర్,
కాకినాడ