కాలేజీ ఫుట్‌బాల్ స్టార్లను జేఈఈ ర్యాంకులుగా చదవవద్దు

సంపాదకులకు నమస్కారం.

డిసెంబరులో కాలేజీ అమెరికన్ ఫుట్‌బాల్ జట్లతో ఒప్పందాలు చేసుకున్న హైస్కూల్ ఆటగాళ్ల గురించి మీ అమెరికా పేజీలో వచ్చిన కథనాన్ని శ్రద్ధగా చదివాను. ఇక్కడి ఆటల గురించి తెలుగులో ఇంత వివరంగా రాయడం అరుదు కనుక ముందుగా మీకు అభినందనలు. అయితే ఆ కథనంలో, రేటింగు సంస్థలు ఇచ్చే స్టార్లలో అత్యధికంగా ఐదు పొందిన కుర్రవాణ్ణి జేఈఈలో మొదటి వంద ర్యాంకుల్లో నిలిచిన విద్యార్థితో పోల్చారు. నా అభ్యంతరం ఆ ఒక్క పోలిక మీదనే. నా కొడుకు ఉత్తర టెక్సస్‌లోని ఒక హైస్కూల్ జట్టులో ఆడిన నాలుగేళ్లూ, ఆ తరువాత మరో మూడేళ్లూ శుక్రవారం రాత్రి ఆటలను ఆ జట్టు కోసం వీడియో తీసిన తండ్రిని నేను. ఆ పోలిక మన కుటుంబాలను ఎటు నడిపిస్తుందో దగ్గరగా చూశాను కనుక ఈ ఉత్తరం రాస్తున్నాను.

జేఈఈలో అందరికీ ఒకే స్థాయి ప్రశ్నపత్రం, ఒకే వ్యవధి, ఒకే దిద్దుబాటు ఉంటాయి. రాసిన పరీక్షకు వచ్చిన ఫలితం ర్యాంకు. ఫుట్‌బాల్‌లో స్టార్లు అలా వచ్చేవి కావు. దేశంలో దాదాపు 10 లక్షల మంది హైస్కూల్ పిల్లలు ఈ ఆట ఆడుతున్నారు. వారంతా వేర్వేరు ప్రత్యర్థుల మీద, వేర్వేరు పద్ధతుల్లో, వేర్వేరు కోచ్‌ల కింద ఆడతారు. వీరిలో కొన్ని వేల మందిని 247స్పోర్ట్స్, రైవల్స్, ఈఎస్‌పీఎన్ వంటి సంస్థల్లో పనిచేసే కొద్దిమంది పరిశీలకులు చూసి, ఈ పిల్లవాడు మరో మూడు నాలుగేళ్లకు ఎలా ఉంటాడో ఊహించి స్టార్లు వేస్తారు. ఆ ఊహకు కొలబద్ద ఏమిటో తెలిస్తే విషయం ఇంకా స్పష్టమవుతుంది. 247స్పోర్ట్స్ ఏటా సుమారు 32 మందికి ఐదు స్టార్లు ఇస్తుంది. వృత్తి జట్ల లీగ్ అయిన ఎన్ఎఫ్ఎల్‌లో కాలేజీ ఆటగాళ్లను జట్లు వంతులవారీగా ఎంచుకునే డ్రాఫ్ట్ మొదటి రౌండులో ఉండేవి 32 ఎంపికలు కావడమే ఆ అంకెకు కారణం. అంటే, ఇతడు ఒకనాడు వృత్తి జట్ల మొదటి రౌండు ఎంపిక కాగలడన్న జోస్యమే ఐదు స్టార్లకు అర్థం. పదిహేడేళ్ల పిల్లవాడు ఇప్పటికే సాధించినదానికి ఇచ్చిన పతకంగా దాన్ని చూడకూడదు.

ఆ జోస్యం ఊరికే పోయేదని నేను అనడం లేదు. మొత్తం మీద చూస్తే ఐదు స్టార్ల పిల్లలు మూడు స్టార్ల పిల్లలకన్నా ఎక్కువ నిష్పత్తిలో ఎన్ఎఫ్ఎల్‌కు చేరుతున్నారు. అలబామా, జార్జియా, ఒహాయో స్టేట్ విశ్వవిద్యాలయాలు ఏళ్ల తరబడి గెలుస్తూ రావడానికి వారు పోగుచేసుకున్న నాలుగు, ఐదు స్టార్ల ఆటగాళ్లే పెద్ద కారణం. మా ఇంటినుంచి గంటలోపు ప్రయాణంలో ఉన్న రెండు హైస్కూళ్లే ఇందుకు సాక్ష్యం. ఆర్లింగ్టన్‌లోని మార్టిన్ హైస్కూల్‌లో చదివిన మైల్స్ గారెట్, అలెన్ హైస్కూల్‌లో ఆడి తాను మొదలుపెట్టిన 42 ఆటల్లో ఒక్కటీ ఓడని కైలర్ మర్రీ, ఇద్దరూ ఐదు స్టార్ల వారే. గారెట్ 2017లో, మర్రీ 2019లో డ్రాఫ్ట్‌లో మొట్టమొదటి ఎంపికలయ్యారు. అలెన్ హైస్కూల్ స్టేడియంలో 18,000 మంది కూర్చోవచ్చు, దాన్ని సుమారు 6 కోట్ల డాలర్లతో కట్టారు. అక్కడ ఆడే పిల్లవాడు పరిశీలకుల కంట పడకుండా ఉండటం కష్టం.

కంట పడని పిల్లల సంగతికి వస్తే, కామ్ వార్డ్ పేరు తప్పక చెప్పాలి. ఆయన హ్యూస్టన్‌కు దక్షిణాన వెస్ట్ కొలంబియా అనే చిన్న ఊళ్లో క్వార్టర్‌బ్యాక్‌గా, అంటే జట్టు దాడిని నడిపి బంతి విసిరే ఆటగాడిగా ఆడారు. ఆ హైస్కూల్ జట్టు వింగ్-టీ అనే పాత పద్ధతిలో ఆడేది. అందులో బంతిని చేతికందించి పరుగెత్తించడమే ప్రధానం, విసరడం తక్కువ. విసిరే అవకాశమే తక్కువైన క్వార్టర్‌బ్యాక్‌కు లెక్కల్లో చూపించుకోవడానికి ఏమీ మిగలదు. పెద్ద విశ్వవిద్యాలయాలు పట్టించుకోకపోతే శాన్ ఆంటోనియోలోని ఇన్‌కార్నేట్ వర్డ్ అనే చిన్న విశ్వవిద్యాలయంలో చేరారు. అక్కడినుంచి వాషింగ్టన్ స్టేట్‌కు, ఆపైన మయామీకి వెళ్లి, 2025 డ్రాఫ్ట్‌లో మొదటి ఎంపికగా టెనెసీ టైటన్స్ జట్టుకు చేరారు. పరిశీలకులు ఇక్కడ ఆయన భుజబలాన్ని తప్పుగా కొలవలేదు. ఆ కుర్రవాణ్ణి అతని జట్టు ఏ పని చేయమంది, ఏ పని చేయనివ్వలేదు అన్న ప్రశ్నను చాలామంది వేయకపోవడమే అసలు లోపం. నా దృష్టిలో హైస్కూల్ ఆటగాణ్ణి అంచనా వేసే కోచ్ మొదట అడగవలసిన ప్రశ్న అదే.

జోష్ ఆలెన్ విషయంలో జరిగిన పొరపాటు వేరు. కాలిఫోర్నియాలో ఫైర్‌బా అనే వ్యవసాయ గ్రామంలో పెరిగిన ఆయన హైస్కూల్ ముగిసేనాటికి ఇంకా సన్నగా ఉన్న పిల్లవాడు. పైస్థాయి జట్టు ఏదీ స్కాలర్‌షిప్ ఇవ్వలేదు. రీడ్లీ అనే రెండేళ్ల కాలేజీలో ఆడి, వయోమింగ్ విశ్వవిద్యాలయానికి వెళ్లి, 2018లో డ్రాఫ్ట్‌లో ఏడో ఎంపికయ్యారు. 2024 సీజన్‌కు ఎన్ఎఫ్ఎల్ అత్యుత్తమ ఆటగాడి పురస్కారం అందుకున్నారు. పిల్లల శరీరాలు అన్నీ ఒకే వయసులో ఎదగవు. పదహారేళ్లకే మీసకట్టు వచ్చి మగవాడిలా కనిపించే కుర్రవాడు అక్కడితో ఆగిపోవచ్చు. సన్నగా, పొడుగాటి చేతులతో, పెద్ద పాదాలతో తడబడుతున్నవాడు ఇరవై ఏళ్లకు కొండలా తయారు కావచ్చు. అందుకే అనుభవం ఉన్న కోచ్‌లు తల్లిదండ్రుల ఎత్తు చూస్తారు, అన్నల ఎదుగుదల ఎప్పుడు ఆగిందో అడుగుతారు, పుట్టిన తేదీ తప్పనిసరిగా అడుగుతారు. టెక్సస్ ప్రభుత్వ పాఠశాలల పోటీల్లో సెప్టెంబరు 1 నాటికి 19 ఏళ్లు నిండని వారు ఆడవచ్చు. కనుక ఒకే తరగతిలో ఉన్న ఇద్దరి మధ్య ఏడాదికి పైగా తేడా ఉండవచ్చు. ఆ వయసులో ఏడాది అంటే ఇరవై పౌన్ల కండ.

ఎదురు ఉదాహరణ కూడా చెప్పకపోతే న్యాయం కాదు. మాకు దగ్గరలోని సౌత్‌లేక్ కారల్ హైస్కూల్ క్వార్టర్‌బ్యాక్ క్విన్ యూవర్స్‌కు అన్ని సంస్థల రేటింగులనూ కలిపి లెక్కించే స్కోరు 1.0000 వచ్చింది. అంతకు మించిన అంకె ఆ లెక్కలో లేదు. ఆయన ఒహాయో స్టేట్‌లో చేరి, టెక్సస్ విశ్వవిద్యాలయానికి మారి, ఆ జట్టును 2023, 2024 సీజన్లలో వరుసగా జాతీయ ప్లేఆఫ్ సెమీఫైనల్స్‌కు నడిపించారు. అయినా 2025 డ్రాఫ్ట్‌లో ఏడో రౌండు వరకు, 231వ ఎంపిక వరకు ఆగవలసి వచ్చింది. ఆయన్ను తీసుకున్న కాలేజీ కోచ్‌ల అంచనా తప్పిందని ఎవరూ అనలేరు. వారికి కావలసిన గెలుపులు వచ్చాయి. తప్పింది స్టార్లు చెప్పిన జోస్యం. కాలేజీ జట్టుకు పనికిరావడం ఒకటి, ఎన్ఎఫ్ఎల్ మొదటి రౌండుకు వెళ్లడం మరొకటి. స్టార్లు రెండోదాన్ని ఊహిస్తే, మనం వాటిలో మొదటిదాన్ని చదువుకుంటున్నాము.

మరి మంచి కోచ్ ఏం చూస్తాడు? నేను వీడియో తీసేవాణ్ణి కనుక దాని గురించి కాస్త ఎక్కువ చెప్పడానికి అనుమతించండి. తల్లిదండ్రులు పంపే వీడియో మూడు నిమిషాల హైలైట్. అందులో తమ అబ్బాయి చుట్టూ ఎర్రటి వలయం గీసి, అతడు బాగా ఆడిన పాతిక దృశ్యాలను కూర్చుతారు. అది చూసి ఆసక్తి కలిగించుకోవచ్చు తప్ప నిర్ణయం తీసుకోకూడదు. నేను ప్రెస్ బాక్స్ కప్పు మీద నిలబడి తీసిన వీడియోలో ఇరవై రెండు మందీ కనిపిస్తారు, ఆట మొత్తం కనిపిస్తుంది. బంతి అవతలి వైపు వెళ్లినప్పుడు ఇతడు పరుగు ఆపేశాడా, నాలుగో క్వార్టర్‌లో జట్టు 21 పాయింట్లు వెనకబడి ఉన్నప్పుడు కూడా ఎదుటివాణ్ణి చివరిదాకా నెట్టాడా, పట్టు తప్పిన తరువాత తల వంచుకున్నాడా, పక్కవాడి పొరపాటుకు చేతులు విసిరాడా అన్నవి అక్కడే తెలుస్తాయి. ముందు వరసలో నిలబడి ఎదుటివారిని నెట్టే లైన్‌మన్ అయితే మొదటి అడుగు ఎంత త్వరగా పడింది, నడుము ఎంత వంగింది, చేతులు ఎదుటివాడి ఛాతీ మీదికి చేరాయా లేక భుజాల బయటికి జారాయా అని చూస్తారు. మా ఊరికి వచ్చిన కాలేజీ కోచ్‌లలో నాకు గౌరవం కలిగినవారు మా హైస్కూల్ కోచ్‌ను అడిగినది ఒకటే: "మీరు ఓడిపోయిన ఆట వీడియో ఇవ్వండి."

శిబిరాల్లో తీసే కొలతలను కూడా అదే జాగ్రత్తతో చదవాలి. నలభై గజాల పరుగును చేతితో నొక్కే స్టాప్‌వాచ్‌తో లెక్కిస్తే, యంత్రం చూపినదానికన్నా సెకనులో పదో వంతు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువే తగ్గుతుంది. ఆటగాణ్ణి తేలిగ్గా ఒక మెట్టు పైకెక్కించడానికి ఆ తేడా చాలు. సెవెన్-ఆన్-సెవెన్ అనే వేసవి పోటీల్లో రక్షణ కవచాలు ఉండవు, లైన్‌మన్‌లు ఉండరు, ఒంటిమీద దెబ్బ పడదు. అక్కడ మెరిసిన క్వార్టర్‌బ్యాక్ ఎదురుగా నాలుగు పర్వతాలు దూసుకొస్తున్నప్పుడు ఏం చేస్తాడో ఆ ఆట చెప్పలేదు. వీటికన్నా ట్రాక్ పోటీల్లో యంత్రం లెక్కించిన వంద మీటర్ల సమయాన్నీ, లైన్‌మన్ అయితే గుండు విసిరిన దూరాన్నీ, కుస్తీలో గెలుపోటములనూ నేను ఎక్కువ నమ్ముతాను. ఈనాటి ఎన్ఎఫ్ఎల్ మేటి ఆటగాళ్లలో ఒకరైన పాట్రిక్ మహోమ్స్‌ను తూర్పు టెక్సస్‌లోని వైట్‌హౌస్‌లో మూడు స్టార్ల క్వార్టర్‌బ్యాక్‌గానే లెక్కించారు. అదే కుర్రవాణ్ణి 2014లో డెట్రాయిట్ టైగర్స్ జట్టు బేస్‌బాల్ డ్రాఫ్ట్‌లో ఎంచుకుంది. ఏ కోణంలోనైనా చేయి తిప్పి బంతి విసరగల నేర్పు ఆ రెండో ఆటలో కళ్లెదుటే ఉంది.

చదువు సంగతి క్లుప్తంగా చెబుతాను. కాలేజీ ఆటల్లో పైస్థాయి అయిన డివిజన్ వన్‌లో మొదటి ఏడాదే ఆడాలంటే హైస్కూల్‌లో 16 ప్రధాన కోర్సులు, వాటిలో 4 పాయింట్లకు కనీసం 2.3 సగటు కావాలి. టెక్సస్‌లో 1984లో చేసిన చట్టం ప్రకారం పాఠ్యాంశంలో తప్పినవాడు మైదానంలోకి దిగలేడు. కౌన్సిలర్‌ను ఒకసారి కలిస్తే తెలిసిపోయే విషయాలివి.

గత కొన్నేళ్లలో వచ్చిన మార్పుల వల్ల ఈ అంచనాలు ఇంకా కఠినమయ్యాయి. ఇదే నన్ను ఎక్కువగా బాధిస్తోంది. 2018లో, జట్టు మారదలచిన ఆటగాళ్లు పేరు నమోదు చేసుకునే ట్రాన్స్‌ఫర్ పోర్టల్ వచ్చింది. 2021నుంచి ఆటగాళ్లు ఒకసారి జట్టు మారినా ఏడాది ఆడకుండా కూర్చోనవసరం లేకుండా పోయింది. అదే ఏడాది జులైనుంచి తమ పేరు మీద ఆదాయం పొందే హక్కు వారికి లభించింది. 2025 జూన్‌లో కోర్టు ఆమోదించిన ఒప్పందంతో ఒక్కో విశ్వవిద్యాలయమే తొలి ఏడాది 2.05 కోట్ల డాలర్ల వరకు ఆటగాళ్లకు పంచే వీలు కలిగింది. ఆ హక్కులన్నీ ఆటగాళ్లకు న్యాయంగా రావలసినవే. అయితే వాటితో పాటు కోచ్‌ల ఓపిక తగ్గింది. పదిహేడేళ్ల వాణ్ణి తీసుకుని మూడేళ్లు పెంచడంకన్నా, మరో కాలేజీలో ఇప్పటికే నిరూపించుకున్న ఇరవై రెండేళ్ల వాణ్ణి తెచ్చుకోవడం మేలని వారు భావిస్తున్నారు. మయామీలో హైస్కూల్ చదివి, ముందు యేల్‌కు మాట ఇచ్చి, కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో ఆడి, ఆపైన ఇండియానాకు మారిన ఫెర్నాండో మెండోసా 2025లో, కాలేజీ ఫుట్‌బాల్ అత్యుత్తమ ఆటగాడికి ఇచ్చే హైస్‌మన్ ట్రోఫీ గెలిచారు. పెద్ద స్టార్ల పిల్లలు తక్కువగా ఉన్న ఇండియానా జట్టు ఆ సీజన్‌లో జాతీయ విజేత అయింది. ఈ విజయం చూసి నేను సంతోషించాను. కానీ ఆలస్యంగా ఎదిగే పిల్లలకు తొలి తలుపు ఎవరు తెరుస్తారన్న ప్రశ్నకు ఆ విజయంలో సమాధానం దొరకలేదు.

ఇక మన కుటుంబాల విషయం. ఫ్రిస్కో, ప్లేనో, అలెన్ ప్రాంతాల్లో ఈ ఆట ఆడుతున్న తెలుగు పిల్లలు కొద్దిమందే అయినా ఉన్నారు. వారి తల్లిదండ్రులు ర్యాంకుల లోకంలో పెరిగినవారు. మా అబ్బాయి తొమ్మిదో తరగతిలో ఉండగా ఒక శిబిరానికి కొన్ని వందల డాలర్లు కట్టి పంపాను. వారం తిరక్కుండానే అతనికి జాతీయ స్థాయిలో ఫలానా ర్యాంకు వచ్చిందనీ, మరికొంత కడితే పూర్తి నివేదికనూ, తరువాతి శిబిరానికి ఆహ్వానాన్నీ పంపుతామనీ ఉత్తరం వచ్చింది. నేను కట్టాను. ఎంసెట్ కోచింగ్‌కు మా నాన్నగారు అప్పుచేసి కట్టినట్టే, రెండో ఆలోచన లేకుండా కట్టాను. ఆ నివేదికలో మా అబ్బాయి ఎత్తు కూడా తప్పుగా ఉంది. అతనికి మేలు చేసినది ఆ ర్యాంకు కాదు. హైస్కూల్‌లో లైన్‌మన్‌లకు నేర్పే కోచ్ రెండేళ్ల పాటు పొద్దున్నే ఆరు గంటలకు అతని కాళ్లు సరిదిద్దారు. ఆ వీడియోలు చూసిన ఒక చిన్న కాలేజీ కోచ్ అతణ్ణి పిలిచారు. అది డివిజన్ త్రీ కాలేజీ, అక్కడ ఆటకు స్కాలర్‌షిప్‌లు ఉండవు. ఒక్క స్టారూ లేని మా అబ్బాయి శనివారం మధ్యాహ్నాలు అక్కడ ఆడుతున్నాడు. మేము ఇద్దరం వెళ్లి చూసి వస్తాము.

అందుచేత మీకు నా విన్నపం ఇది. ఫిబ్రవరి మొదటి బుధవారం నాటి రెండో విడత ఒప్పందాల గురించి రాసేటప్పుడు స్టార్ల సంఖ్య ఒక్కటే ముద్రించవద్దు. ఆ ఆటగాడు ఏ స్థాయి పాఠశాలలో, ఏ పద్ధతిలో ఆడాడో, అతని వయసెంతో, ఇంకే ఆటలు ఆడతాడో కూడా రెండు వాక్యాల్లో చెప్పండి. స్టార్లు ఎవరు, ఏ ఉద్దేశంతో ఇస్తారో ఒక పెట్టెలో ముద్రించండి. డబ్బు తీసుకుని ర్యాంకులు పంపే శిబిరాల గురించి మీ విలేకరులు విడిగా ఒక కథనం చేయగలిగితే, మా ఊళ్లో కనీసం పది కుటుంబాలు దాన్ని కత్తిరించి దాచుకుంటాయి.

ఇట్లు,
మీ పాఠకుడు,
ఫ్రిస్కో, టెక్సస్