గ్యారీ గెయిట్ వ్యాసానికి సాయం చేసిన మీ అందరికీ

కెనడా లాక్రాస్ ఆటగాడు, కోచ్ గ్యారీ గెయిట్ మీద నేను రాసిన వ్యాసం మొత్తానికి అచ్చుకు వెళ్లింది. చివర వల ఉన్న కర్రతో బంతిని పట్టి విసిరే ఆట లాక్రాస్; దాని గురించి తెలిసినవారు సాయం చేయండి అని అడిగినప్పుడు పలికిన వారందరికీ పేరుపేరునా ధన్యవాదాలు చెప్పాలని ఉంది. కానీ పేర్లు వేయొద్దని మీలో ఇద్దరు ముందే కట్టడి చేశారు. కాబట్టి పేర్లు లేకుండానే ఎవరికి ఎందుకు రుణపడ్డానో చెబుతాను, ఎవరిది వారు గుర్తుపట్టుకోండి.

విజయవాడలో కూర్చుని లాక్రాస్ మీద రాయడమేమిటని నవ్విన మిత్రులకు ముందుగా ఒక మాట. 1904, 1908 ఒలింపిక్స్‌లో పతకాలిచ్చిన ఈ ఆట, జట్టుకు ఆరుగురు ఆడే కొత్త రూపంలో 2028 లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్‌కు తిరిగి వస్తోంది. అప్పుడు టీవీ ముందు కూర్చునే మనవాళ్లకు నిబంధనల పట్టిక ఇవ్వడం కన్నా ఒక మనిషి కథ చెప్పడం మేలనిపించింది.

మొదటి కృతజ్ఞత అమెరికాలోని సిరక్యూస్‌లో చదువుకుంటున్న తెనాలి అబ్బాయికి. నాయనా, 1988 సెమీఫైనల్ వీడియో పంపి, ఎక్కడ ఆపి చూడాలో నిమిషాలతో సహా రాసి పెట్టావు. సిరక్యూస్ విశ్వవిద్యాలయ జట్టు తన సొంత మైదానం క్యారియర్ డోమ్‌లో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంతో ఆడిన మ్యాచ్ అది. లాక్రాస్‌లో గోల్ వెనక కూడా ఆడే చోటు ఉంటుంది. ఇరవై ఒక్కేళ్ల గెయిట్ ఆ వెనక నుంచే పరుగున వచ్చి, గాలిలోకి లేచి, ఆరడుగుల ఎత్తున్న అడ్డకమ్మీ పైనుంచి కర్ర చాచి బంతిని ముందువైపుగా వలలోకి కుక్కేశాడు. అదే మ్యాచ్‌లో మరోసారి కూడా! సిరక్యూస్ 11-10తో గట్టెక్కింది, ఫైనల్లో కార్నెల్‌ను ఓడించింది. ఆ గోల్‌కు ‘ఎయిర్ గెయిట్’ అని పేరు పడింది, తర్వాత అలాంటి గోల్ వేయకుండా నిబంధన వచ్చింది. ఆ సీజన్‌లో ఆయన వేసినవి 70 గోల్స్.

ఆ సాహసం ఎక్కడి నుంచి వచ్చిందని అడిగితే మీలో చాలామంది ఒకే దారి చూపించారు. గెయిట్, ఆయన కవల సోదరుడు పాల్ పుట్టి పెరిగింది కెనడా పశ్చిమ తీరంలోని విక్టోరియాలో. అక్కడ నాలుగు గోడల మధ్య, చిన్న గోల్‌తో ఆడే బాక్స్ లాక్రాస్ చలామణిలో ఉంది. ఇరుకులో ఆడినవాడికి వీపు వెనక నుంచి బంతి కొట్టడం విన్యాసం కాదు, అవసరం. సిరక్యూస్ కోచ్ రాయ్ సిమన్స్ జూనియర్ స్వయంగా శిల్పి, కుర్రాళ్ల చేతులు కట్టేసే రకం కాదు. 1988, 1989, 1990లలో వరుసగా మూడు జాతీయ టైటిళ్లు వచ్చాయి. మూడోదాన్ని అమెరికా కాలేజీ క్రీడల సంఘం ఎన్‌సీఏఏ తర్వాత రద్దు చేసింది, ఆ గొడవ జోలికి నేను పోలేదు.

ఇక మేరీల్యాండ్ అక్కయ్యకు. ఆమె పంపింది ఒకే ఒక్క ప్రశ్న: “శనివారం ఆడే మనిషి సోమవారం ఏం చేసేవాడో రాశావా తమ్ముడూ?” వ్యాసం నడక మారింది అక్కడే. 1990లలో ఇండోర్ లాక్రాస్ లీగ్ ఆటగాళ్లకు ఆట మీద ఇల్లు గడిచేది కాదు. మ్యాచ్‌లు వారాంతాల్లో ఉండేవి, వారమంతా మరో ఉద్యోగం చేసుకోవాలి. 1995 నుంచి 1999 దాకా వరుసగా ఐదేళ్లు లీగ్‌లో అత్యుత్తమ ఆటగాడిగా నిలిచిన గెయిట్‌ది కూడా అదే పరిస్థితి. ఆయన మేరీల్యాండ్ విశ్వవిద్యాలయ మహిళల జట్టులో అసిస్టెంట్ కోచ్. ప్రధాన కోచ్ సిండీ టిమ్చల్. ఆ జట్టు 1995 నుంచి 2001 దాకా వరుసగా ఏడు జాతీయ టైటిళ్లు గెలిచింది. అంటే ఆట మానేశాక కోచ్ అయిన మనిషి కాదు ఈయన. లోకం తనను మహా ఆటగాడని పొగుడుతున్న రోజుల్లోనే ఒక మహిళా కోచ్ కింద పని నేర్చుకున్న మనిషి. నాకు ఆ గెంతు కన్నా ఇదే గొప్పగా తోచింది. ఇంకా చెప్పాలంటే, మన దగ్గర పేరున్న ఏ ఆటగాడు ఇలా చేస్తాడో ఊహించుకోవడం కష్టం.

సంక్రాంతికి గుంటూరు వచ్చిన దంపతులకు, వారి అమ్మాయికి మరీ మరీ ధన్యవాదాలు. పురుషులు ఆడే కర్ర, మహిళలు ఆడే కర్ర రెండూ సామానులో మోసుకొచ్చారు. వాళ్ల వరండాలో ఆ అమ్మాయి రెండు కర్రలూ నా చేతికిచ్చి, రబ్బరు బంతిని ఒక్కొక్క దానిలో వేసి చూపించింది. పురుషుల కర్రలో వల కిందికి దిగి ఉంటుంది, బంతి అందులో ఒదిగి కూర్చుంది. మహిళల కర్రలో వల బిగుతు, బంతి పైభాగం అంచు మీదుగా బయటికి కనిపిస్తూనే ఉంది. నేను రెండడుగులు వేయగానే దొర్లి పూలకుండీ కిందికి పోయింది. మణికట్టును అటూ ఇటూ ఆడిస్తూ ఉంటే తప్ప అది నిలవదట. పైగా మహిళల ఆటలో ఒంటితో ఢీకొట్టకూడదు, అమెరికా కాలేజీ ఆటలో జట్టుకు పన్నెండు మంది. పురుషుల జట్టుకు పది మందే. “అంకుల్, ఇది వేరే ఆట అని రాయండి” అంది. అలాగే రాశానమ్మా. తన చేతిలో ఉన్న ఒడుపు ఇక్కడ చాలావరకు పనికిరాదని తెలిసీ గెయిట్ ఈ ఆటను పాఠంగా చదువుకున్నాడన్న వాక్యం నీ పుణ్యమే.

గెలుపులు రాయడం తేలిక. 2006లో గెయిట్ కోచ్‌గా కొలరాడో మమత్ అనే ఇండోర్ జట్టుకు లీగ్ కప్పు సాధించి పెట్టాడు. ఆటకు వీడ్కోలు చెప్పినవాడల్లా అదే ఏడాది కెనడా జట్టుతో మళ్లీ మైదానంలో దిగి, అమెరికాను ఓడించి ప్రపంచ టైటిల్ గెలిచాడు. 2007లో సిరక్యూస్ మహిళల జట్టుకు కోచ్‌గా వచ్చాక వచ్చిన ఓటముల్ని నేను ఒక్క వాక్యంలో దాటేయబోతే, చిత్తుప్రతి చదివిన రిటైర్డ్ వ్యాయామ ఉపాధ్యాయులు, మా మాస్టారు, ఒప్పుకోలేదు. “ఓడిన ఫైనళ్లు వరుసగా రాయి, స్కోర్లతో సహా” అన్నారు. రాశాను మాస్టారూ. 2012లో నార్త్‌వెస్టర్న్ చేతిలో 8-6, 2014లో మేరీల్యాండ్ చేతిలో 15-12, 2021లో బోస్టన్ కాలేజీ చేతిలో 16-10. మూడుసార్లు ఆఖరి మెట్టు దాకా, మూడుసార్లూ ఉత్త చేతులతో. మధ్యలో ఆయన్ను ఓడించిన మేరీల్యాండ్ ఆయన ఒకప్పుడు పనిచేసిన జట్టే. మాస్టారు చెప్పినట్టు రాశాకే గెయిట్ ఓపిక పాఠకుడికి అందుతుంది.

2021 జూన్‌లో అప్పటి కోచ్ జాన్ డెస్కో విరమించాక సిరక్యూస్ పురుషుల జట్టు గెయిట్ చేతికి వచ్చింది. మరుసటి ఏడాది ఫలితం నాలుగు గెలుపులు, పది ఓటములు. ఆ ఫలితం చూసి ఎంతమంది ఎన్నెన్ని మాటలన్నారో ఊహించుకోవచ్చు. 2025లో ఆ జట్టు అట్లాంటిక్ కోస్ట్ అనే విశ్వవిద్యాలయాల కూటమి టైటిల్ గెలిచి, జాతీయ సెమీఫైనల్ దాకా వెళ్లి మేరీల్యాండ్ చేతిలోనే ఓడింది. ఒకప్పుడు గెయిట్ వేసుకున్న 22వ నంబరు చొక్కాను ఆ జట్టులో జోయి స్పలీనా వేసుకున్నాడు. ఈ చొక్కా సంగతి చివరి నిమిషంలో పంపిన డల్లాస్ మిత్రుడికి ప్రత్యేకంగా నమస్కారం. పేజీ అప్పటికే కట్టేశారు, బతిమాలి చేర్పించాను.

ఇంకొకరు ఈ ఆట అసలు ఉత్తర అమెరికా ఆదివాసులైన హోడెనోషోనీ జాతులదని, సిరక్యూస్ ఉన్నదే వారిలో ఒకరైన ఒనొండగాల నేల మీద అని గట్టిగా గుర్తు చేశారు. అది పక్క పెట్టెలో వస్తోంది. హికరీ కలపను వంచి కర్ర తయారుచేసే తీరు కూడా అక్కడే ఉంటుంది.

పత్రిక ప్రతులు అందరికీ పంపుతాను, చిరునామాలు సందేశంలో పెట్టండి. గుంటూరు దంపతుల కర్రలు మాత్రం ఇంకా నా దగ్గరే ఉన్నాయి. ఫిబ్రవరిలో అటు వెళ్లే మా బావగారితో పంపుతానని వారితో చెప్పాను, ఒకటి మా మేనల్లుడు వదలడం లేదు.