మా తమ్ముడికి ఊపిరి పోసిన బరంపురం వారికి కృతజ్ఞతలు

ఒడిశాలోని మా బరంపురంలో, పెద్ద బజారు వెనుక సందులో ఆ రాత్రి మా స్నానాల గది తలుపు బద్దలుకొట్టి మా తమ్ముణ్ణి బతికించిన వారందరికీ మా అమ్మ తరఫున, నా తరఫున ఈ నాలుగు మాటలు రాస్తున్నాను. ఇంత ఆలస్యంగా రాయడానికి కారణం సిగ్గు. ‘బీపీ పడిపోయింది’ అని బంధువులతో చెప్పుకున్నాం, అది అబద్ధం. వాడు సూదితో బ్రౌన్ షుగర్, అంటే కల్తీ హెరాయిన్ పొడి ఎక్కించుకున్నాడు, మోతాదు మించింది.

వాడు ఎనిమిదేళ్లు సూరత్ మరమగ్గాల మీద పన్నెండేసి గంటల షిఫ్టులు చేశాడు. గంజాం జిల్లాలో సూరత్‌కు మనిషిని పంపని వీధి ఉండదు కనుక అది వింతేమీ కాదు. ఒళ్లునొప్పులకని మొదట మాత్రలు, ఆ తరువాత ఈ పొడి. తిరిగొచ్చాక మేము అప్పు చేసి ఒక ప్రైవేటు వ్యసన విముక్తి కేంద్రంలో చేర్చాం. అక్కడ రెండు నెలలు గదికి తాళం వేసి ఉంచారు. మందూ లేదు, డాక్టరూ లేడు. ఇంటికొచ్చిన ఐదో రోజున వాడు మునుపు తీసుకున్నంతే మళ్లీ తీసుకున్నాడు. కొన్ని వారాలు మానేస్తే ఆ మత్తును తట్టుకునే శక్తిని ఒళ్లు కోల్పోతుందని, అందువల్ల బయటికొచ్చిన తొలి రోజుల్లోనే ప్రాణాపాయం ఎక్కువని ఆసుపత్రిలో చెప్పేదాకా మాకు తెలియదు. డబ్బు తీసుకున్నవారు ఆ ఒక్క మాటైనా చెప్పి పంపాల్సింది.

మా పక్కింటి మావుసీ (ఒడియాలో పిన్ని) కూతురు నర్సింగ్ చదువుతోంది. నేను వాడు గుర్రు పెడుతున్నాడనుకున్నాను. అది గుర్రు కాదని, ఊపిరి అడ్డుపడుతున్న చప్పుడని ఆ అమ్మాయి వినగానే గుర్తించింది. తలుపు పగిలాక చూస్తే పెదవులు నేరేడు పండు రంగులో ఉన్నాయి, కంటిపాపలు ఆవగింజలంత అయ్యాయి. నిమిషానికి నాలుగైదు శ్వాసలు మాత్రమే ఆడుతుంటే, ఆమె తల వెనక్కి వంచి, నోటితో ఊపిరి ఊదుతూ, ఆటోలో కూడా ఆపలేదు. మావుసీ వాడి ఛాతీ మీద చెయ్యి వేసి ‘నిశ్వాసొ అఛి, అఛి’ (ఊపిరి ఉంది, ఉంది) అంటూనే ఉంది. ఆటో నడిపిన అన్నయ్య ఎర్ర దీపాలు ఎన్ని దాటాడో అడగవద్దు.

పెద్దాసుపత్రి క్యాజువల్టీలో ఈ మత్తుకు విరుగుడైన నాలాక్సోన్ ఇంజక్షన్ ఇచ్చిన కొద్ది నిమిషాల్లోనే వాడు కళ్లు తెరిచి మమ్మల్ని తిట్టాడు. అంత తీయని తిట్టు నేను వినలేదు. వెంటనే ఇంటికి తీసుకుపోతామంటే డ్యూటీ డాక్టరుగారు ఒప్పుకోలేదు. ఆ మందు ప్రభావం గంట అటూ ఇటూగా తగ్గిపోతుందని, లోపలి మత్తు మిగిలి ఉంటే శ్వాస మళ్లీ ఆగవచ్చని చెప్పి రాత్రంతా పక్కనే కనిపెట్టుకున్నారు. పోలీసు కేసు భయంతో నేను అసలు సంగతి నసుగుతుంటే, ‘ఏం తీసుకున్నాడో చెప్పండి, మిగతాది తరువాత’ అన్నారు. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టంలోని 64ఎ సెక్షన్ ప్రకారం, కొద్ది మోతాదుతో పట్టుబడిన వ్యసనపరుడు తానుగా ప్రభుత్వ గుర్తింపు ఉన్న ఆసుపత్రిలో చికిత్సకు చేరి దాన్ని పూర్తి చేస్తే ప్రాసిక్యూషన్ నుంచి రక్షణ ఉందని ఆ తరువాత తెలుసుకున్నాను. ఈ సంగతి తెలియక దాచిపెట్టుకునే ఇళ్లు మా వీధిలోనే ఎన్నున్నాయో.

ఇప్పుడు వాడు మానసిక విభాగంలో బుప్రెనార్ఫిన్ మాత్ర నాలుక కింద పెట్టుకుంటున్నాడు; అదీ ఆ జాతి మందే, కానీ పొడి మీద యావను అదుపులో ఉంచుతుంది. ఒక మత్తు మాన్పించి ఇంకో మత్తు అంటగడుతున్నారని మా మామయ్య గొడవ చేశారు, నిజానికి నాకూ అదే అనుమానం. అక్కడి డాక్టరమ్మ ఓర్పుగా, ‘పొద్దున్నే లేచి పనికి పోతున్నాడా, మీతో సరిగా మాట్లాడుతున్నాడా, అది చూసి నిర్ణయించండి’ అన్నారు. చూస్తున్నాం, పోతున్నాడు. 2019లో వెలువడిన ఎయిమ్స్ సర్వే ప్రకారం నల్లమందు, హెరాయిన్ వంటి వాటి వల్ల చికిత్సో సాయమో అవసరమైన వారు దేశంలో సుమారు 77 లక్షలు. అంతమందికి తాళం వేసిన గదులు కాక ఇలాంటి మాత్ర, ఇలాంటి డాక్టరమ్మ, వార్డు ఆరోగ్య కేంద్రంలోనే ఒక నాలాక్సోన్ ఇంజక్షన్ దొరకాలని అధికారులను వేడుకుంటున్నాను. ఇంట్లో ఎవరికైనా ఈ బాధ ఉంటే 14446కు ఫోన్ చేయండి. మాలా ఆలస్యం చేయకండి.

ఆసుపత్రి ఖర్చులకు సూరత్ గదిలోని వాడి స్నేహితులు పంపిన డబ్బు ముట్టింది. పగిలిన తలుపును బాగుచేసిన వడ్రంగి బాబాయి కూలి తీసుకోలేదు. లోపలివైపు గడియ మాత్రం బిగించవద్దని ఆయనకు చెప్పింది మా తమ్ముడే.